గుండ్రని ఈక

జూన్ 9

పరమపూజ్యులు, ఆగిన గడియారాలకు ఆయుష్షు పోసే బాబాయి గారి పాదపద్మాలకు,

ముందుగా క్షమాపణలు. ఒకటి కాదు, గంపెడు. ఈ ఉత్తరంలో రాబోయే అతిశయోక్తులకు, అడ్డదిడ్డంగా పోయే వాక్యాలకు, కార్డు ముక్కకు నాలుగు పేజీల జవాబు రాసే నా సిగ్గులేనితనానికి, సమస్త కోడిజాతికి నా వల్ల కలగబోయే అపచారాలకు, ఇంతవరకు చేయని, ఇకమీదట తప్పకుండా చేయబోయే నేరాలన్నిటికీ ఒకేసారి క్షమించమని ప్రార్థన. క్షమించేశారా? ఇంత తేలిగ్గా క్షమించే మనిషిని ముంచడం ధర్మం కాదు. అయినా మొదలుపెడతాను.

ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉభయుల్లో ఒకరి సంగతే నాకు తెలుసు, అదీ అంతంతమాత్రం.

మీ కార్డు అందింది. "మీ పిన్ని కోడి పొదిగింది. ఐదు పిల్లలు. ఏది పుంజో ఏది పెట్టో ఎలా తెలుస్తుంది? వెంటనే రాయి." మొత్తం పద్నాలుగు మాటలు. పిన్ని పోయిన ఈ ఎనిమిది నెలల్లో మీ దగ్గర్నుంచి నాకు వచ్చిన మొదటి ఉత్తరం. ఆ పద్నాలుగు మాటలూ నాలుగు రోజులు చదివాను. డిగ్రీ పరీక్షలకు ఇంత చదివుంటే ఈపాటికి ఎక్కడో ఉండేవాణ్ణి.

మీరు సరైన మనిషినే అడిగారు. జంతుశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, కోడిపిల్లల కంపెనీలో చేరి, రోజుకు నాలుగు వేల పిల్లల రెక్కలు విప్పి చూసి, ఆడవాటిని కుడి పెట్టెలో, మగవాటిని ఎడమ పెట్టెలో వేయడమే నా ఉద్యోగం. కుడి పెట్టె గుడ్ల ఫారాలకు వెళ్తుంది. ఎడమ పెట్టె ఎక్కడికి వెళ్తుందని చేరిన రోజే అడిగాను. "పని చూసుకో" అన్నారు. చూసుకుంటున్నాను.

హాల్లో పన్నెండు మందిమి. అందరి మూతికీ గుడ్డ. మాట్లాడితే లెక్క తప్పుతుందని ఎవరూ నోరు విప్పరు. భోజనానికి గుడ్డలు తీశాక ఎవరు ఎవరో నాకు పోల్చుకోవడం రాదు. మా స్నేహాలన్నీ కళ్ళ వరకే.

ఇక శాస్త్రం. పిల్లను గుప్పిట్లో పట్టుకుని, రెక్క విసనకర్రలా విప్పండి. అంచున రెండు వరసల ఈకలు కనిపిస్తాయి. కింది వరస పొడుగ్గా, పై వరస పొట్టిగా ఉంటే పెట్ట. రెండూ సమానంగా ఉంటే పుంజు. అంతే. ఈ ముక్క కోసం నన్ను మూడేళ్ళు చదివించారు.

మీకూ, పెద్దావిడ అనే ఆ తల్లికోడికీ నా నమస్కారాలు. పిన్ని ఉండగా అది నన్ను రెండుసార్లు పొడిచింది. పాత పగలు మరిచిపోయానని చెప్పండి.

పిన్ని పెట్టిన పేరును నిలబెడుతున్న,
మీ వాగుడుకాయ


జూన్ 20

చి॥ వాగుడుకాయకు ఆశీస్సులు.

ఇక్కడ ఉన్నంతలో క్షేమం. నాలుగు పేజీలూ చదివాను. అందులో విషయం ఐదు వాక్యాలు. మిగతావి కూడా చదివాను.

ఫోను చేసినట్టున్నావు. అది సొరుగులో ఉంది. దాంట్లో మాట్లాడేది మీ పిన్ని. నాకు హలో తర్వాత ఏమనాలో తెలియదు. రాయి, చాలు.

గుర్తు కోసం పిల్లల కాళ్ళకు దారాలు కట్టాను. ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. నువ్వు చెప్పినట్టే రెక్కలు విప్పి, పట్టకారుతో ఈకలు విడదీసి, వాచీల కొలబద్దతో కొలిచాను. ఎరుపు, తెలుపు రెండు వరసలూ సమానం. పసుపు, ఆకుపచ్చ కింది వరస మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. నీలాన్ని కొలవడం కుదరలేదు. మిగతావాటిని కొలుస్తుంటే వచ్చి నా చెప్పు మీద కూర్చుని నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు. నలభై నిమిషాలు కాలు కదపలేదు.

ఇంత తొందర ఎందుకో నీకు తెలియదు కదా. గోడవతల నర్సమ్మ గారిది రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి పడుకుంటుంది. పెట్టలు ఉంటే ఉండనీ, పుంజు మాత్రం వద్దు అని ఆవిడ అడిగింది. సరే అని మీ పిన్ని మాట ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళయింది. ఎన్నిసార్లు పొదిగించిందో, ఒక్క పుంజూ ఈ పెరట్లో కూయలేదు. గొంతు రాకముందే కనిపెట్టి పంపించేసేది. ఎలా కనిపెడతావని నేను ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు ఆ మాట నా చేతిలో పడింది. పోకూడదు.

అందుకని నీ శాస్త్రం ప్రకారం ఎరుపును, తెలుపును రొట్టెల బండాయనకు ఇచ్చేశాను. ఆయన ఇల్లు ఊరి చివర. ఎంత కూసినా అడిగేవాళ్ళు లేరు.

నీకు పదకొండు మంది తోడున్నారని తెలిసి నిశ్చింతగా ఉంది.

బాబాయి


జూన్ 27

బాబాయి గారి సముఖానికి, బోనులో నిలబడ్డ ముద్దాయి విన్నపం.

ఘోరం జరిగింది. చేసింది నేను. పప్పులో కాలేశాననడం చాలదు, పప్పు గుండిగలో మనిషిని మనిషినే పడ్డాను. మీ ఉత్తరం చదివి, మంచం మీద కూర్చుని, పైకే "అయ్యో" అన్నాను. గదిలో ఎవరూ లేకపోయినా అన్నాను. మనిషికి అలవాటు పోదు కదా.

రెక్కల లెక్క పుట్టిన మొదటి రోజుకే పనికొస్తుంది. మీరు కొలిచేనాటికి వాటికి మూడో వారం. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి. ఆ లెక్క మా కంపెనీ జాతికే పనికొస్తుంది. రెక్క చూస్తే తెలిసిపోయేలా తండ్రినీ తల్లినీ ఏరి కలిపిన జాతి అది. పెద్దావిడ పిల్లలకు తండ్రి ఎవరో పెద్దావిడకే తెలియదు. నేను చెప్పింది రైళ్ళ పట్టిక చూసి ఎడ్లబండి ఎప్పుడొస్తుందో చెప్పినట్టుంది. ఎరుపూ తెలుపూ పుంజులు కావచ్చు, పెట్టలు కావచ్చు. నాణెం ఎగరేసినా ఇంతకన్నా తప్పు జరగదు. అలాంటిది మీరు మిల్లీమీటర్లు కొలిచారు. మిల్లీమీటర్లు! నా పాపం పండింది.

దయచేసి ఇంకేదీ ఇచ్చెయ్యకండి. ఏడో వారం దాకా ఆగండి. అప్పుడు నెత్తిమీది తురాయి చూడండి. పెద్దదై, ఎర్రబడి, గడ్డం కింద కూడా ఎర్రగా వేలాడితే పుంజు. చిన్నగా పాలిపోయి ఉంటే పెట్ట. దీనికి కొలబద్ద అక్కర్లేదు, కళ్ళు చాలు.

నా గురించి బెంగ పడకండి. ఆ పదకొండు మంది సంగతి అటుంచితే, గదిలోనూ నాకొక తోడుంది. నేనేం చెప్పినా వింటుంది. ఎదురు చెప్పదు. ఆదివారమైనా గడప దాటదు. మొహం కూడా గుండ్రంగా బాగుంటుంది. వివరాలు తర్వాత.

శిక్ష కోసం ఎదురుచూస్తూ,
మీ వాగుడుకాయ


జూలై 21

చి॥ అబ్బాయికి ఆశీస్సులు.

ఏడు వారాలు నిండాయి. తురాయిలు చూశాను. పసుపుది నిప్పుకణికలా ఉంది. తక్కినవాటిని తోసి గింజలు తింటోంది, ఛాతీ విరుచుకుని తిరుగుతోంది. చూడగానే పుంజని నాకే అర్థమైంది. రొట్టెల బండెక్కించాను. ఆకుపచ్చది పాలిపోయి, చిన్నగా, బుద్ధిగా ఉంది. అది పెట్ట.

నీలం సంగతే తేలడం లేదు. తురాయి ఎర్రనా అంటే ఎర్రన కాదు, తెల్లనా అంటే తెల్లన కాదు. పొద్దున చూస్తే ఒకటి అనిపిస్తుంది, మధ్యాహ్నం ఇంకొకటి. నేను వెనక తలుపు దగ్గర బల్ల వేసుకుని పని చేసుకుంటాను కదా, అది గడప దాటి వచ్చి చెప్పు మీద కూర్చుంటుంది. ఇప్పుడు చెప్పు సరిపోవడం లేదు, సగం నేల మీద ఉంటుంది. గోడ గడియారానికి కీ ఇచ్చేటప్పుడు ఆ చప్పుడుకి తల ఒక పక్కకు వంచుతుంది. ఈ ఇంట్లో ఆ చప్పుడు విని తలెత్తేవాళ్ళు లేక చాలా రోజులైంది.

ముప్పయ్యేళ్ళు నేను గడియారాలను చూస్తూ కూర్చున్నాను, మీ పిన్ని కోళ్ళను చూస్తూ కూర్చుంది. ఒకే గుమ్మం దగ్గర. ఒక్కసారైనా తను చూసేవైపు చూసుంటే ఈరోజు నిన్ను అడగాల్సిన పని ఉండేది కాదు.

నర్సమ్మ గారు నిన్న గోడ మీంచి చూసి, "ఈసారి జల్లెడ పట్టడం అయిందా అండీ?" అంది. మా అబ్బాయి కంపెనీలో నిపుణుడు, చూస్తున్నాడు అన్నాను.

ఇంకో మాట. ఆ అమ్మాయి ఎవరు? ఎదురు చెప్పదు, గడప దాటదు అన్నావు. అలా ఉండటం మంచిది కాదు, బయటికి తీసుకెళ్తూ ఉండు. మీ పిన్నయితే అన్నీ అడిగేది. నాకు అడగడం రాదు. నాకు అభ్యంతరం లేదని మాత్రం రాస్తున్నాను.

బాబాయి


జూలై 29

బాబాయి గారికి,

మీ ఆశీర్వచనం ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ ఎప్పటిలాగే ఏమీ అనలేదు.

ఆవిడ అమ్మాయి కాదు బాబాయ్. నేను ఉద్యోగానికి బయల్దేరిన రోజు మీరిచ్చిన అలారం గడియారం. గుండ్రటి మొహం, రెండు చెవులు. అందులో నా హాస్యం ఉందనుకున్నాను. మీరు అభ్యంతరం లేదని రాసేసరికి ఆ హాస్యం కాస్తా నా మీదకే తిరిగొచ్చింది. బయటికి తీసుకెళ్ళమన్నారు కాబట్టి ఆదివారం సంచిలో వేసుకుని నది ఒడ్డు దాకా వెళ్ళొచ్చాను. మా ఇద్దరికీ బాగానే ఉంది. ఒక్కటే లోపం, మార్చి నుంచి నాలుగూ పది దగ్గర ఆగిపోయింది. అందువల్ల మాకు తొందరేమీ లేదు.

నీలం గురించి. తురాయి చెప్పకపోతే ఈక చెబుతుంది. పన్నెండో వారం వచ్చేసరికి నడుం మీద, తోక మొదట్లో కొత్త ఈకలు వస్తాయి. పుంజుకయితే సన్నగా, పొడుగ్గా, కొన సూదిలా ఉంటాయి. పెట్టకయితే వెడల్పుగా, కొన వేలిగోరులా గుండ్రంగా ఉంటాయి. ఈసారి కంపెనీ రూలు కాదు, ఏ కోడికైనా ఇదే లెక్క. నమ్మొచ్చు. ఒకసారి కాలిన చేత్తో రాస్తున్నాను.

పీకకండి. దానంతటది రాలితే పంపండి. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాడని నన్ను పిన్ని తిట్టేది కదా, చివరికి అదే ఉద్యోగమైంది.

నిన్న హాల్లో ఒక ఎడమ పెట్టె పిల్ల నా వేలు పట్టుకుని వదల్లేదు. రెండు క్షణాలు ఆలస్యమైంది. పక్కాయన కళ్ళెత్తి నావంక చూశాడు. ఈ వారంలో నాతో ఎవరైనా మాట్లాడారంటే అదే.

మీ వాగుడుకాయ


ఆగస్టు 26

చి॥ అబ్బాయికి ఆశీస్సులు.

గడియారం మార్చిలో ఆగితే జూలైలోనా చెప్పడం? నాలుగూ పది దగ్గర ఆగిందంటే లోపల మురికి చేరి ఉంటుంది, పెద్ద జబ్బు కాదు. గుడ్డలో చుట్టి వెంటనే పంపు. ఆగిన గడియారం ఇంట్లో ఉంచుకోకూడదు.

ఇందులో ఈక పెట్టాను. నీలం నడుం మీదిది, తోకకు దగ్గరగా. ఈ పొద్దున గడప దగ్గర రాలింది. నలగకుండా వాచీ అద్దాల కాగితంలో చుట్టాను. నాకేమో కొన సన్నగానే కనిపిస్తోంది. కానీ నా కళ్ళు చిన్న వస్తువులను ఉన్నదానికన్నా పెద్దవి చేసి చూస్తాయి. నీ మాటే ఖాయం.

నర్సమ్మ గారు మళ్ళీ అడిగింది. "మీ నిపుణుడు నోటిమాటగా చెప్తే చాలదండీ, రాసివ్వాలి" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ కళ్ళ కింద నలుపు చూస్తే నాకు నవ్వు రాలేదు. రాసి పంపు. ఈక కూడా తిప్పి పంపు, ఆవిడకు చూపిస్తాను.

నీలం ఇప్పుడు నేను లేచేసరికి తలుపు బయట నిలబడి ఉంటోంది. పొద్దున నా మొదటి మాట దానితోనే. కొన్ని రోజులు చివరి మాట కూడా అదే అని సాయంత్రం గుర్తొస్తుంది.

పుంజయితే పుంజని రాయి. మొహమాటం వద్దు. పంపేస్తాను. మాట మాటే.

బాబాయి


సెప్టెంబరు 2

ధ్రువీకరణ పత్రం

గోడకు ఇవతలివారికీ, అవతలివారికీ, ముఖ్యంగా పగటినిద్ర అవసరమైన గౌరవనీయులకూ తెలియజేయడమేమనగా:

ఎడమ కాలికి నీలం దారం ధరించి, చెప్పుల మీద నివసించు సదరు కోడి యొక్క ఈకను, జంతుశాస్త్ర పట్టభద్రుడును, ఇప్పటికి ఎనిమిది లక్షల రెక్కలు విప్పినవాడును అయిన నేను, పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, రెండు కళ్ళతోనూ పరీక్షించితిని. సదరు ఈక కొన గుండ్రముగా నున్నది. ఎక్కడా సూదితనము కానరాదు. కావున సదరు కోడి పెట్టయేనని, అది కూయదని, కూసినచో అది దాని వ్యక్తిగత అభిప్రాయమే గాని దానితో శాస్త్రమునకు సంబంధము లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.

(సంతకం, తేదీ, బొటనవేలి ముద్ర)

బాబాయ్, పై కాగితాన్ని మడత దగ్గర చింపి ఆవిడకు ఇవ్వండి. ఈక జత చేశాను, చూసుకోండి.

నీలం చెప్పు మీదే ఉండనివ్వండి. దాని సంగతులు రాస్తూ ఉండండి. గుడ్డు ఎప్పుడు పెడుతుంది, ఏం తింటుంది, గడియారానికి కీ ఇస్తే ఇంకా తల వంచుతుందా, అన్నీ. శాస్త్రానికి ఇవన్నీ అవసరం.

గడియారం పంపుతాను. ఈ వారం కుదరలేదు.

మీ వాగుడుకాయ


సెప్టెంబరు 24

చి॥ అబ్బాయికి ఆశీస్సులు.

నీ పత్రం నర్సమ్మ గారు రెండుసార్లు చదివింది. మొదటిసారి పడీ పడీ నవ్వింది. రెండోసారి నెమ్మదిగా చదివి, మడిచి సంచిలో పెట్టుకుని, "ఇంత సాక్ష్యం ఉంటే నేనింకేం అంటానండీ" అని లోపలికి వెళ్ళింది.

నువ్వు తిప్పి పంపిన ఈకను, వచ్చిన రోజే కంటి అద్దం పెట్టుకుని చూశాను. చూసి, గోడ దగ్గరికి వెళ్ళి ఆవిడకు ఇచ్చాను.

ఈ నెల పంతొమ్మిదో తేదీ, ఉదయం ఆరూ పన్నెండుకు, నీలం కూసింది. కూత అనడానికి లేదు, తుప్పు పట్టిన స్ప్రింగు తెగినట్టుంది. సగంలో ఆగింది. తనకే భయం వేసినట్టు నా వంక చూసింది. మళ్ళీ ప్రయత్నించింది. నేను కండువా దాని మీద కప్పి, బల్ల కింద కూర్చోబెట్టి, "ఊరుకోరా, ఊరుకో" అంటున్నాను. అప్పుడే గోడవతల గేటు చప్పుడైంది. ఆవిడ డ్యూటీ నుంచి వచ్చింది. వీడు కండువాలోంచే మూడోసారి కూశాడు. ఈసారి పూర్తిగా.

ఆవిడ గోడ దగ్గరికి వచ్చి, "ఏమండీ, మీ అబ్బాయి సర్టిఫికెట్టుకు గొంతొచ్చింది" అంది.

నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆవిడే మళ్ళీ, "పోనీ ఉండనివ్వండి. చెవుల్లో దూది పెట్టుకుంటాను. మీరు రోజూ దానితో మాట్లాడటం నాకు వినిపిస్తూనే ఉంటుంది" అంది. నేను ఒప్పుకోలేదు. మాట పుచ్చుకున్న మనిషి వదిలేయొచ్చు. ఇచ్చిన మనిషిని అడగడానికి లేదు.

ఆ సాయంత్రమే గోడ గడియారం పాత పెట్టెకు కన్నాలు చేసి, అందులో పెట్టి, నేనే నడిచి రొట్టెల బండాయన ఇంటికి తీసుకెళ్ళాను. దారి పొడుగునా వాడు చప్పుడు చేయలేదు. ఆయన బదులుగా ఎరుపును ఇచ్చాడు. అది పెట్టేనట, తెలుపు మాత్రం పుంజేనట. నీ రెక్కల శాస్త్రం సరిగ్గా సగం. ఎరుపు నన్ను గుర్తుపట్టలేదు. చెప్పు ముందుకు పెట్టాను. చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది.

ఇప్పుడు పెరట్లో పెద్దావిడ, ఎరుపు, ఆకుపచ్చ. మూడూ పెట్టలే. తేల్చవలసింది ఇంకేమీ లేదు. కాబట్టి ఇక నీకు శ్రమ ఇవ్వను. ఇన్నాళ్ళు నా కోసం పెద్ద పెద్ద ఉత్తరాలు రాశావు, పని మీద ఉన్నవాడివి.

మీ పిన్ని ఉంటే మనిద్దర్నీ ఒకే గంప కింద మూసిపెట్టేది.

ఆరోగ్యం జాగ్రత్త. గడియారం ఇంకా రాలేదు.

బాబాయి


సెప్టెంబరు 30

బాబాయ్,

ఈసారి పాదపద్మాలు లేవు. గంపెడు క్షమాపణలు లేవు. మొదటి ఉత్తరంలోనే అన్నీ ఖర్చు పెట్టేశాను. నిజంగా కావలసి వచ్చేసరికి చేతిలో ఒక్కటీ మిగల్లేదు.

"ఇక నీకు శ్రమ ఇవ్వను" అని రాశారు. ఆ వాక్యం మీద రెండు రోజులు కూర్చున్నాను. ఈ ఊళ్ళో పోస్టాయన నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. నన్ను పేరు పెట్టి పిలిచేది ఆయనొక్కడే. మీ కవరు ఉంటే వీధి మలుపు నుంచే చెయ్యి ఊపుతాడు.

మీరు కంటి అద్దం పెట్టుకుని చూశానని రాశారు. వాచీ ముల్లు మీద వెంట్రుక పడితే కనిపెట్టే అద్దం అది. చూసి, ఏమీ అనకుండా గోడ దగ్గరికి వెళ్ళి ఇచ్చారు. ఆవిడ ముందు తలెత్తలేకపోయింది కూడా మీరే, నేను కాదు. పిన్ని మాట పోకూడదని నన్ను అడిగారు. నేను దాన్ని మీ చేత్తోనే పోగొట్టించాను. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదో రాయండి. తిట్టయినా సరే. పద్నాలుగు మాటలయినా సరే.

గడియారం ఈ రోజే పార్సిలు చేశాను. ఇన్నాళ్ళూ ఎందుకు పంపలేదంటే, అది మీ చేతికొస్తే గంటలో బాగవుతుంది. బాగయితే ఆ సంగతీ అయిపోతుంది.

నీలం మీద జాలితో చేశానని రాస్తే బాగుంటుంది. ఎడమ పెట్టెలో ఇన్ని వేలు వేశాను, ఒక్కదాన్నయినా కుడివైపు వేద్దామనుకున్నానని రాస్తే ఇంకా బాగుంటుంది. మీ చెప్పు ఖాళీ అవుతుందని చేశానంటే మీరు కూడా క్షమిస్తారు. అవన్నీ నాకు తర్వాత తట్టాయి. ఆ రోజు కవరు విప్పగానే, వాచీ అద్దాల కాగితం పూర్తిగా తెరవకముందే, ఆ ఈక కొన చూసి పుంజని తెలిసిపోయింది. వెంటనే తట్టింది ఒక్కటే: పుంజని రాస్తే పంపేస్తారు, పంపేస్తే తేల్చవలసింది ఉండదు, తేల్చవలసింది లేకపోతే నాకు ఉత్తరం రాదు.

గోళ్ళ కత్తెర తీసుకుని, కిటికీ దగ్గర నిలబడి, కొనను ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు, గుండ్రంగా కత్తిరించాను. రాలిన ముక్క బియ్యపుగింజంత ఉంది. ఇందులో పెడుతున్నాను.

మీ అబ్బాయి